హాబీ గడిలో ఆరుగురు తెల్లదొరలు

ఢిల్లీ బేర్ సరాయ్‌లో సివిల్స్‌కి చదివేవాళ్లకి తెలియని సంగతంటూ లోకంలో ఉండదు. వాళ్లకి లేనిదల్లా హాబీ ఒక్కటే. పొద్దున ఐదింటికి లేచి, కళ్లు మూతలు పడేదాకా పుస్తకం మీద వాలి ఉండే మనిషికి హాబీ ఎక్కడినుంచి ఊడిపడుతుంది? అయినా మెయిన్స్ దరఖాస్తులో హాబీలకని ఒక గడి పెట్టి చచ్చారు. ఖాళీగా వదిలేస్తే ఈ మనిషి ఉత్త మొద్దని ఇంటర్వ్యూ బోర్డు అనుకుంటుందని ఒక భయం. నింపితే దాన్ని పట్టుకునే తోలు వలుస్తారని ఇంకో భయం. తోటపని అని రాసిన ఒంగోలు అబ్బాయిని బంతిపువ్వు శాస్త్రీయ నామం అడిగారట. ఈత అని రాసినవాణ్ని యమునలో ఏ రేవు దగ్గర ఎంత లోతని అడిగారట. ఇందులో ఎంత నిజమో ఎవరికీ తెలియదు. టీ కొట్టు దగ్గర ఏటా ఇంకాస్త పెరగడం మాత్రం నిజం.

ఈ చిక్కుకి మందు కనిపెట్టినవాడు జనార్దనరావు. తెనాలి మనిషి. మూడుసార్లు ఇంటర్వ్యూ దాకా వెళ్లి, మూడుసార్లూ తిరిగొచ్చి, అవకాశాలన్నీ అయిపోయాక కూడా బేర్ సరాయ్ వదలకుండా గురువుగా స్థిరపడ్డాడు. పుస్తకాల షాపు మీద గది. గదిలో రెండు మంచాలు, ఒక బల్ల, ఒక స్టూలు. మంచాల మీద లుంగీలతో కూర్చున్నవాళ్లు బోర్డు మెంబర్లు, స్టూలు మీద చెమటలు కక్కేవాడు అభ్యర్థి. ఢిల్లీలో చదివే తెలుగు పిల్లలందరూ ఆ స్టూలు మీద ఏడ్చి లేచినవాళ్లే. హాబీ విషయంలో ఆయన సూత్రం చాలా తేలిక. బల్లకి అవతల కూర్చున్నవాళ్లకి మనకంటే తక్కువ తెలిసినదేదో అదే మన హాబీ.

తొంభైమూడు ఆగస్టులో హైమవతి దరఖాస్తు పట్టుకుని ఆ గదికి వచ్చింది. వయసు ఇరవై ఎనిమిది. లెక్కల్లో ఎమ్మెస్సీ. పక్క పేట మునిర్కాలో అద్దెగదిలో ఉంటూ మూడుసార్లు రాసింది. రెండుసార్లు మెయిన్స్‌లో, ఒకసారి ఇంటర్వ్యూలో పోయింది. ఇది నాలుగోది. దీని తర్వాత రాయడానికి నిబంధన ఒప్పుకోదు. వాళ్ల నాయిన మల్లేశం సిద్దిపేట వైపునుంచి పాతికేళ్ల కిందట వచ్చి, ఢిల్లీ కంటోన్మెంట్‌లో మిలిటరీ వాళ్ల బట్టలు ఉతికే ధోబీగా కుదిరినవాడు. యూనిఫారం ఎన్నడూ వేసుకోలేదు గానీ వేలకొద్దీ యూనిఫారాలు గంజిపెట్టి ఇస్త్రీ చేశాడు. కిందటిసారి ఇంటర్వ్యూలో పోయిన రోజున ఆయన మళ్లీ రాయమన్నాడంతే. ఆ మాట హైమవతిని తిట్టుకంటే ఎక్కువ బాధపెట్టింది.

జనార్దనరావు గదిలో బల్లకి ఒక కాలు పొట్టి. దాని కింద అట్ట ఊడిన లావుపాటి పుస్తకం ఒకటి పెట్టి ఉంది. ఫుట్‌పాత్ మీద కిలోల లెక్కన కొన్నది. హాబీ గడి దగ్గర కలం ఆగిపోయి హైమవతి దిక్కులు చూస్తుంటే, జనార్దనరావు చూపు ఆ పుస్తకం మీద పడింది. బయటికి లాగి దుమ్ము దులిపితే, అది దక్షిణాఫ్రికాని ఏలిన తెల్లవాళ్ల జీవిత చరిత్రల పుస్తకం. ఆఫ్రికానర్లని అంటారు వాళ్లని. ఎప్పుడో మూడొందల ఏళ్ల కిందట హాలండ్ నుంచి వెళ్లి అక్కడ పాతుకుపోయి, నల్లవాడు ఏ బెంచీ మీద కూర్చోవాలో, ఏ బస్సెక్కాలో చట్టాలు రాసినవాళ్లు. జనార్దనరావు ముఖం వెలిగిపోయింది.

"ఇదే రాసెయ్యమ్మా హైమా. మన పాస్‌పోర్టు మీదే ఆ దేశానికి చెల్లదని అచ్చేసి ఇచ్చారు ఇన్నేళ్లూ. రాయబారి లేడు, రాకపోకల్లేవు. ఇంక నిన్నడిగేవాడెవడు?"

హైమవతి రాసేసింది. వర్ణవివక్ష కాలపు దక్షిణాఫ్రికా అధినేతల జీవితాల అధ్యయనం. చదవడానికి చాలా గంభీరంగా ఉంది. బల్ల మళ్లీ ఊగుతుందని జనార్దనరావు ఆ పుస్తకాన్ని తీసిన చోటే పెట్టేశాడు. ఇద్దరూ కిందికి దిగి టీ తాగారు.

నవంబరులో భారతదేశం, దక్షిణాఫ్రికా దౌత్య సంబంధాలు కలుపుకున్నాయి. అప్పుడే జనార్దనరావుకి కాస్త అనుమానం తగిలింది గానీ పైకి తేలనివ్వలేదు. కొత్త సంవత్సరం వచ్చేసరికి అక్కడ మొట్టమొదటిసారి నల్లవాళ్లు కూడా ఓటేసే ఎన్నికల సందడి మొదలైంది. మార్చి నెలంతా ఢిల్లీ పేపర్లలో మొదటి పేజీ ఆ దేశానిదే. ఏప్రిల్ ఆఖర్లో మైళ్ల కొద్దీ బారులు తీరి ముసలివాళ్లు ఓట్లేస్తున్న ఫోటోలు వచ్చాయి. సరిగ్గా ఆ వారంలోనే హైమవతికి ఇంటర్వ్యూ కాగితం అందింది. మే పదో తారీఖు, మధ్యాహ్నం పూట. నెల్సన్ మండేలా అధ్యక్షుడిగా ప్రమాణం చేసేది కూడా మే పది అని నాలుగు రోజుల్లో ఖాయమైంది.

ఎవరూ అడగరని రాసుకున్నది కాస్తా, ఢిల్లీలో చదువుకున్న ప్రతివాడూ ఆ రోజున మాట్లాడబోయే ఏకైక సంగతి అయి కూర్చుంది. ఇంత పకడ్బందీగా ఎవరైనా పప్పులో కాలేయాలనుకున్నా వేయలేరు. జనార్దనరావు కాగితం చూసి స్టూలు మీద తనే కూలబడ్డాడు. ఆయన అభ్యర్థి స్టూలు మీద కూర్చోవడం ఆ గదిలో అదే మొదలు. హైమవతికి ఆయన మీద కోపం రాలేదు, తన మీద వచ్చింది. ఆఖరి అవకాశాన్ని బల్ల కాలి కింద పుస్తకానికి ఒప్పజెప్పిన మనిషిని ఇంకేమనాలి అనుకుంది. అనుకుని, వంగి ఆ పుస్తకం లాగి సంచిలో వేసుకుని వెళ్లిపోయింది. బల్ల మీది టీ గ్లాసు జారి పగిలింది.

అప్పటినుంచి ఆమెకి ఆ ఆరుగురితోనే కాపురం. నలభైఎనిమిదిలో గద్దెనెక్కిన మలాన్ నుంచి అప్పుడే దిగిపోతున్న డి క్లెర్క్ దాకా ఆరుగురు. పొద్దున్నే మునిర్కాలో బస్సెక్కి సప్రూ హౌస్ లైబ్రరీకి వెళ్తే సాయంత్రం మూసేదాకా అక్కడే. మలాన్ చర్చిలో ప్రసంగాలు చేసుకునే పాదిరీ, తర్వాత పత్రికా సంపాదకుడు. స్ట్రైడమ్ మొదట్లో నిప్పుకోళ్లు పెంచి నష్టపోయినవాడు. ఫెర్వూర్డ్ సైకాలజీ ప్రొఫెసరు, పుట్టింది కూడా ఆఫ్రికాలో కాదు, ఆమ్‌స్టర్‌డామ్‌లో. ఫోర్‌స్టర్ రెండో ప్రపంచ యుద్ధంలో సొంత ప్రభుత్వం చేతే నిర్బంధంలో పడినవాడు. బోథా డిగ్రీ సగంలో వదిలేసి పార్టీ పనిలో చేరినవాడు. డి క్లెర్క్ మేనత్త మొగుడే స్ట్రైడమ్. అక్కడికి వచ్చేసరికి హైమవతికి లైబ్రరీలో నవ్వు ఆగలేదు. తెలుగు లెక్కలో మామా అల్లుళ్లు. మామ కట్టిన గోడని అల్లుడు పడగొట్టాల్సి వచ్చిందన్నమాట. ఇంగ్లీషు పుస్తకాల్లో దూరపు చుట్టరికంలా కనపడే వరస తెలుగు మనిషికి ఒక్క క్షణంలో ఇంటి గొడవై కూర్చుంటుంది.

నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. మర్నాడు ఫెర్వూర్డ్ ప్రధాని కాకముందు, నల్లవాళ్ల వ్యవహారాల మంత్రిగా ఉన్నప్పటి ఉపన్యాసం దొరికింది. నల్లపిల్లలకి ఎలాంటి చదువు చెప్పాలనేది విషయం. ఎన్నడూ వాడుకోలేని పిల్లకి లెక్కలు నేర్పి ఏం లాభమని ఆయన సభలో నిలబడి అడిగాడు. అరవలేదు, తిట్టలేదు. ప్రొఫెసరు గారు పాఠం చెప్పినంత నిదానంగా అడిగాడు. హైమవతి ఆ పేజీ దగ్గర పుస్తకం మూసేసి బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంది.

ఆ ప్రశ్న ఆమెకి కొత్త కాదు. పదో తరగతిలో లెక్కల్లో తొంభైనాలుగు తెచ్చుకుని పదకొండులో లెక్కలు తీసుకుంటానంటే, కంటోన్మెంట్‌లోని ఆ బడి హెడ్మాస్టరు మల్లేశాన్ని పిలిపించాడు. చాలా మర్యాదస్తుడు. కుర్చీ చూపించి, నీ మంచికే చెబుతున్నానంటూ, ధోబీ కూతురు లెక్కలు ఎక్కడ వాడుతుందో చెప్పమన్నాడు. కుట్లు అల్లికలు నేర్పించమని సలహా ఇచ్చాడు. మల్లేశం కూర్చోలేదు. ఇంటికొచ్చి అన్నం తిని పడుకున్నాడు. మర్నాడు పొద్దున బడి తెరవకముందే వెళ్లి ఆఫీసు గుమ్మం పక్కన నిలబడ్డాడు. ఆ మర్నాడూ నిలబడ్డాడు. మూడో రోజున వచ్చేపోయేవాళ్లు అడగడం మొదలెట్టేసరికి, హెడ్మాస్టరు విసుక్కుంటూ కాగితం మీద లెక్కలు అని రాసి ఇచ్చాడు. లెక్కలు వాడుకునే చోటు ఉందో లేదో హైమవతి అప్పటినుంచీ వెతుకుతూనే ఉంది. మూడుసార్లు వెతికింది, దొరకలేదు. ఇంక ఒక్కసారే మిగిలింది.

ఈ సంగతేమీ జనార్దనరావుకి చెప్పలేదు. ఆయన గదిలో వారం రోజులు ఉత్తుత్తి బోర్డు కూర్చుంది. మొదటి రోజున ఫెర్వూర్డ్ గురించి అడిగితే ఆమె గొంతు పెరిగింది, ఆ మనిషి దుర్మార్గుడని అనేసింది. మంచాల మీది లుంగీ మెంబర్లు ఉలిక్కిపడ్డారు. జనార్దనరావు చేత్తో నుదురు కొట్టుకున్నాడు. ఆయన మతంలో ఇంతకు మించిన పాపం లేదు. బేర్ సరాయ్ అంతటా ఒకటే మంత్రం, బాలెన్సు. ఏ ప్రశ్నకైనా రెండు మంచి ముక్కలు, రెండు చెడ్డ ముక్కలు, ఆఖర్న మధ్యేమార్గం. కరువు గురించి అడిగినా అంతే, కలరా గురించి అడిగినా అంతే.

"ఎంత పాపాత్ముడికైనా రెండు ప్లస్ పాయింట్లు చెప్పాలమ్మా. లేకపోతే ఈ పిల్లకి ఆవేశమెక్కువ, కలెక్టరు కుర్చీకి పనికిరాదని రాసేస్తారు. నీకింకో ఛాన్సు లేదు, గుర్తుంచుకో."

ఆ చివరి మాటతో హైమవతి లొంగిపోయింది. అరవైల్లో ఆ దేశపు ఆర్థికాభివృద్ధి ఒక ప్లస్ పాయింటు, పాలనా దక్షత ఇంకొకటి. ఎక్కాలు బట్టీపట్టినట్టు పట్టేసింది. తొమ్మిదో తారీఖున ఆఖరి బోర్డులో ఫెర్వూర్డ్ గురించి ఎంత సమతూకంగా చెప్పిందంటే, లుంగీ మెంబర్లు చప్పట్లు కొట్టారు. ఆమె మాత్రం మునిర్కా దాకా నడిచి వెళ్లింది. దారి పొడుగునా నోట్లో ఏదో మట్టి నమిలినట్టుంది.

పదో తారీఖు పొద్దున మల్లేశం గంజిపెట్టి ఇస్త్రీ చేసిన నూలు చీర పట్టుకుని మునిర్కా వచ్చాడు. చీర చేతికిచ్చి, తిన్నావా అని అడిగి, డ్యూటీ ఉందని బస్సెక్కి వెళ్లిపోయాడు.

షాజహాన్ రోడ్డులో ఇంటర్వ్యూలు జరిగే ధోల్‌పూర్ హౌస్ వరండాలో కూర్చుని ఉండగా ఆమె వంతు వచ్చేసరికి మూడు దాటింది. గుండ్రటి గదిలో అర్ధచంద్రంలా బల్ల, దాని వెనక ఐదుగురు. మధ్యలో వెండి ఫ్రేము కళ్లద్దాల పెద్దాయన చైర్మన్. ఆయన పక్కన నేత చీర కట్టుకున్న ప్రొఫెసరమ్మ. ఆ చివరి కుర్చీలో, తను లుసాకాలో పనిచేసిన రోజుల్లో అంటూ మొదలుపెట్టిన రిటైర్డు రాయబారి. ఆ ఊళ్లోనే ఇన్నేళ్లూ దక్షిణాఫ్రికా పోరాటం వాళ్ల ప్రవాస కార్యాలయం ఉండేదని హైమవతికి తెలుసు. తప్పించుకునే దారి లేదని కూడా అప్పుడే అర్థమైంది. మాటలన్నీ ఇంగ్లీషులోనే సాగాయి.

చైర్మన్ గడియారం చూసుకున్నాడు. ఇంకొద్దిసేపట్లో ప్రిటోరియాలో ప్రమాణస్వీకారమనీ, ఇవాళ ఆమె హాబీకి పండగ రోజనీ నవ్వుతూ అన్నాడు. ఆ ఆరుగురిలో ఆమెకి బాగా ఆసక్తి కలిగించిన సంగతేమిటని రాయబారి అడిగాడు. హైమవతి మామా అల్లుళ్ల వరస చెప్పింది. తన భాషలో మేనత్త మొగుడికీ మేనల్లుడికీ మధ్య ఉండే వరసలో వేళాకోళం, అలకలు, ఆస్తి తగాదాలు అన్నీ ఉంటాయని, మామ అప్పజెప్పిన ఇంటిని అల్లుడు అసలు హక్కుదారులకి తాళంతో సహా ఇవ్వాల్సి వచ్చిందని చెప్పేసరికి ఐదుగురూ నవ్వారు. అల్లుడు మంచివాడా అని అడిగితే, తాళం ఇచ్చినందుకు మెచ్చుకుంటాననీ, పదేళ్లకి పైగా ఆ మంత్రివర్గంలోనే కూర్చున్నాడన్నది మరిచిపోననీ చెప్పింది. రాయబారి తలూపాడు. గది తేలికపడింది. హైమవతి ఊపిరి తీసుకుంది.

అప్పుడు చైర్మన్ ఫెర్వూర్డ్ పేరు ఎత్తాడు.

"అందరూ ఆయన్ని తిట్టేవాళ్లే. మీరు ఆయన జీవితం చదివారు. ఆయనలో రెండు మంచి విషయాలు చెప్పండి."

అచ్చం జనార్దనరావు అడిగిన ప్రశ్న. జవాబు నాలుక చివర సిద్ధంగా ఉంది. ఆర్థికాభివృద్ధి, పాలనా దక్షత. రెండు ముక్కలు అనేస్తే ఇంకో ఐదు నిమిషాల్లో లేచి వెళ్లిపోవచ్చు, బహుశా ఉద్యోగంతో సహా. హైమవతి నోరు తెరిచింది. ఆఫీసు గుమ్మం పక్కన చేతులు కట్టుకుని మూడు రోజులు నిలబడిన మనిషి కళ్లముందు మెదిలాడు. ఆ మనిషికి ఎదురుగా ఈ జవాబు చెప్పగలనా అనుకుంది. చెప్పలేను అనుకుంది. అలా అనుకోగానే భయం పోయింది. నిజంగానే పోయింది, జ్వరం దిగినట్టు.

"రెండు బట్టీపట్టి వచ్చాను సార్. కానీ చెప్పలేను. ఆయన కష్టపడి పనిచేసేవాడు, అనుకున్నది చేసేదాకా వదిలేవాడు కాదు. అది మంచి గుణమని నేనంటే, ఆయన చేసిన పని బాగా చేశాడని అన్నట్టవుతుంది."

ప్రొఫెసరమ్మ ముందుకి వంగి, మీది లెక్కలు కదా, ఈ మనిషి మీద మీకింత పట్టింపు ఎందుకని మెల్లగా అడిగింది. నల్లపిల్లకి లెక్కలెందుకని అడిగినవాడు ఈయనేననీ, తన తండ్రి కంటోన్మెంట్‌లో బట్టలు ఉతుకుతాడనీ, సరిగ్గా ఈ ప్రశ్నే ఒకాయన ఎంతో మర్యాదగా తన తండ్రినీ అడిగాడనీ హైమవతి చెప్పింది. గొంతు పెరగలేదు. ప్రొఫెసరమ్మ కాగితం మీద ఏదో రాసుకుంది.

చైర్మన్ వదల్లేదు. కుర్చీలో వెనక్కి వాలి, ఇంక అసలు ప్రశ్న వేశాడు. ప్రభుత్వ ఉద్యోగి ఆజ్ఞలు పాటించాల్సినవాడు. ఆమె ఆ ఫెర్వూర్డ్ గారి శాఖలోనే అధికారి అనుకుందాం. ఆ పిల్లల చదువు తగ్గించే ఫైలు ఆమె బల్ల మీదికి వచ్చింది. ఏం రాస్తుంది?

"ఇది తప్పు అని రాస్తాను సార్. ఎందుకు తప్పో లెక్కలతో సహా రాసి, కింద నా పేరుతో సంతకం పెడతాను. అయినా చెయ్యమంటే, ఈ పనికి ఇంకో చెయ్యి చూసుకోమని రాస్తాను."

"మీ ఉద్యోగం పోతుంది."

"ఇంకా రాలేదు కదా సార్."

రాయబారి గట్టిగా నవ్వేశాడు. చైర్మన్ నవ్వలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, థాంక్యూ, ఇంక వెళ్లవచ్చని చెప్పాడు. బయటికి వచ్చి చూసుకుంటే మూడూ నలభై. వరండాలో ప్యూను చెవికి ట్రాన్సిస్టర్ ఆనించుకుని ఉన్నాడు. అక్కడ ప్రమాణస్వీకారం అవుతోందా అని హైమవతి హిందీలో అడిగితే, అవుతోంది దీదీ అన్నాడు. ఎర్రటి ఎండలో షాజహాన్ రోడ్డు మీదికి నడిచి వచ్చింది. ఉద్యోగం వస్తుందో రాదో తెలియదు. అయినా ఒళ్లంతా ఎంత తేలికగా ఉందంటే, బస్సు కోసం ఆగబుద్ధి కాక ఇండియా గేటు దాకా నడిచి, ఒక ఐస్‌క్రీమ్ కొనుక్కుని, గడ్డిలో కూర్చుని తినేసింది.

జనార్దనరావు మాత్రం ఆ సాయంత్రం మంచం ఎక్కేశాడు. ఏం అడిగారు, ఏం చెప్పావు అని ఒక్కో ముక్కా రాబట్టి, బట్టీపట్టి వచ్చానని బోర్డు ముందే ఒప్పుకున్నావా అని రెండుసార్లు అడిగాడు. ఒప్పుకున్నాను అంది హైమవతి. ఆయన గోడవైపు తిరిగాడు. కాసేపయ్యాక గోడకే చెబుతున్నట్టు, బ్యాంకు పరీక్షకి ఇంకా గడువుందని, పాత పేపర్లు తన దగ్గరున్నాయని చెప్పాడు. ఆయన దుఃఖం నిజమైనదే. తన మూడు ఇంటర్వ్యూల్లోనూ ఆయన ఒక్కసారి కూడా బాలెన్సు తప్పినవాడు కాదు.

నెల గడిచింది. హైమవతి బ్యాంకు దరఖాస్తు నింపింది. అందులోనూ హాబీ గడి ఉంటే, అడ్డంగా ఒక గీత గీసేసింది.

జూన్‌లో ఒక సాయంత్రం ఐదింటికి ఫలితాలు అంటించారని కబురు వచ్చింది. అరగంటలో బేర్ సరాయ్ సగం ఖాళీ అయ్యింది. జనార్దనరావు, హైమవతి ఒకే ఆటో ఎక్కారు. ధోల్‌పూర్ హౌస్ గేటు దగ్గర మల్లేశం అప్పటికే నిలబడి ఉన్నాడు. ఇవాళ ఫలితాలని టీవీలో చెప్పారని ఎవరో కెప్టెన్ చెబితే, చేతిలో ఉన్న ఇస్త్రీ పని అక్కడే వదిలేసి వచ్చానన్నాడు. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచే ఉన్నాయి.

అద్దాల బోర్డులో టైపు కాగితాలు వరసగా అంటించి ఉన్నాయి. ఏడొందల పైచిలుకు పేర్లు, పక్కన హాల్ టికెట్ నంబర్లు, ర్యాంకుల ప్రకారం. ముందు జనం తోసుకుంటున్నారు. బేర్ సరాయ్ వాళ్లకి జాబితా చదవడంలో ఒక అలవాటుంది. ఎప్పుడు మొదలైందో తెలియదు గానీ అందరూ ఆఖరి కాగితం దగ్గరికే పరుగెత్తుతారు. కింద నుంచి పైకి చదువుతారు. పేరు ఉంటే అక్కడే ఉంటుందని, అంతకు మించి ఆశపడితే అసలుకే మోసమని వాళ్ల నమ్మకం. జనార్దనరావు కూడా హైమవతి చెయ్యి పట్టుకుని ఆఖరి కాగితం దగ్గరికే లాక్కెళ్లాడు. వేలితో ఒక్కో వరసా పైకి జరుపుకుంటూ ర్యాంకులు పైకే చదవడం మొదలెట్టాడు. ఏడొందలు, ఆరొందల ఎనభై, ఆరొందల అరవై. లేదు. ఒక కాగితం అయిపోయింది. ఇంకో కాగితం. లేదు. ఆయన గొంతు మెల్లగా తగ్గుతూ వచ్చింది. హైమవతి కాగితం కేసి చూడటం మానేసి ఆయన వేలి కేసే చూస్తోంది. ఐదొందల దగ్గరికి వచ్చేసరికి ఆ వేలు ఆగి ఆగి జరుగుతోంది. ఆమె కళ్లు మూసుకుంది. పోయింది అనుకుంది. పోతే పోయింది, ఆ జవాబు మాత్రం మార్చను అనుకుంది.

మల్లేశానికి ఇంగ్లీషు రాదు గానీ అంకెలు వచ్చు. కాలరు లోపల మార్కు చూసి ఏ బట్ట ఏ సాబుదో చెప్పే మనిషికి అంకెలు రాకపోతే కుదరదు. కూతురి హాల్ టికెట్ నంబరు ఆయనకి నోటికి వచ్చు. బేర్ సరాయ్ అలవాట్లు మాత్రం ఆయనకి తెలియవు. జాబితా అంటే ఎవరైనా మొదటినుంచే కదా చూస్తారు అనుకుని, ఎవరూ లేని మొదటి కాగితం దగ్గరికి వెళ్లి, ఒకటో ర్యాంకు మీద వేలుపెట్టి నిదానంగా కిందికి దిగసాగాడు. అద్దం మీద గంజి మరకల వేలు పదకొండు దాటింది, పన్నెండు దాటింది. పద్నాలుగు దగ్గర ఆగింది.

ఆయన ఒకటికి రెండుసార్లు, రెండుకి మూడుసార్లు అంకెలన్నీ సరిచూసుకున్నాడు. వేలు తీస్తే వరస చెదిరిపోతుందేమోనని అక్కడే ఉంచి, తల మాత్రం తిప్పి, జనం మీదుగా జనార్దనరావుని పిలిచాడు.

"గంత కిందనెందుకు దేవులాడుతున్నవ్ సారూ? మా బిడ్డ ఈడ మీదున్నది."

ఆఖరి కాగితాల దగ్గరున్న వాళ్లందరూ ఒక్కసారి తలలెత్తి ఇటు చూశారు. జనార్దనరావు వేలు నాలుగొందల తొంభై దగ్గర ఆగిపోయింది. హైమవతి జనాన్ని తోసుకుంటూ వచ్చి, నాయిన వేలి కింద తన పేరు చదువుకుంది. ఆయన చేతిని రెండు చేతులా పట్టుకుని నవ్వింది, ఏడ్చింది, ఏది ముందో ఆమెకే తెలియదు. మల్లేశం మాత్రం వేలు తీయలేదు. వెనకాల వచ్చిన జనార్దనరావు, ఆ వెనకాల వచ్చిన బేర్ సరాయ్ అంతా చూసేదాకా దాన్ని అక్కడే నొక్కిపెట్టి ఉంచాడు.